గుగ్గిలం కారే చెట్టుని కొట్టొద్దు

చిన్నతల్లి కర్గీరోడ్ స్టేషన్లో పాసింజరు దిగి, మూడు కిలోమీటర్లు నడిచి తన అడవికి చేరేసరికే నూట పాతిక చెట్ల మీద ఎర్రరంగు పడిపోయింది. ఇద్దరు మనుషులు, చెరో డబ్బా, చెరో కుంచె. ఒకడు నోట్లో బీడీ పెట్టుకుని, చెట్టు మొదలుకి అడ్డంగా ఒక గీత, దాని కింద ఒక అంకె వేసుకుంటూ తాపీగా పోతున్నాడు.

"ఎవరు పంపారు?" అని హిందీలో అడిగింది.

"సర్కండా రాంప్రసాద్ భయ్యా. ఈ అడవికి పురుగు పట్టిందట కదా, మొత్తం కొట్టెయ్యాలి. మీ అబ్బాయి సంతకం కూడా ఉంది."

చిన్నతల్లి అరవలేదు. వాడి చేతిలోంచి డబ్బా తీసుకుంది, మూత బిగించింది, దారి పక్కన పెట్టింది. రెండోవాడు తన డబ్బా తనే కింద పెట్టేశాడు.

"పట్టా నా పేర ఉంది. నా కొడుకు వాడి పెళ్ళికార్డు మీద సంతకం పెట్టుకోవచ్చు, నా చెట్ల మీద కాదు. నడండి."

వాళ్ళు నడిచారు. వాళ్ళు కనుమరుగయ్యాక గానీ ఆవిడ చెట్ల మొదళ్ళు చూడలేదు. చూసి చతికిలబడింది. కొన్ని చెట్ల చుట్టూ రంపం కింద రాలినట్టు పొట్టు రాలి ఉంది. దసరాకి ముందు వచ్చినప్పుడు అది లేదు. మనుషులు అబద్ధం చెప్పలేదు. పురుగు నిజంగానే వచ్చింది.

ఆ అయిదెకరాలూ ఆవిడ పెనిమిటి ఎర్రయ్య కొన్నవి. పలాస వైపు నుంచి ఈ హిందీ ప్రాంతానికి వచ్చి రైల్వేలో గ్యాంగుమేన్‌గా చేరినవాడు. తోటివాళ్ళంతా లాల్‌ఖదాన్లో ఇంటిజాగాలు కొనుక్కుంటుంటే అతను పోయి పోయి సాలచెట్ల అడవి కొన్నాడు. అక్కడివాళ్ళు సరయీ అంటారు, మనవాళ్ళకి గుగ్గిలం చెట్టు. "పంట పండదు, ఇల్లు కట్టరాదు, అనుమతి లేకుండా కొమ్మ కొట్టరాదు, ఏటి చేసుకుంటావురా దాన్ని?" అని క్వార్టర్స్ అంతా నవ్వింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. ఎర్రయ్య మాత్రం సెలవు దొరికితే చాలు అక్కడే ఉండేవాడు. ఒక మొద్దు నుంచి నాలుగు పిలకలు లేస్తే మంచిది ఒకటి ఉంచి మిగతావి కోసేవాడు. ఎండుటాకులు ఊడ్చి హద్దు చుట్టూ నిప్పు దాటకుండా బాట తీసేవాడు. చిన్నతల్లికి అడవి పని అతని దగ్గరే పట్టుబడింది.

ఎర్రయ్య డ్యూటీలోనే పోయాడు. పాము కరిచింది. అప్పటికి దిలీప్‌కి ఆరేళ్ళు. అతని ఉద్యోగం చిన్నతల్లికి ఇచ్చారు. ఆడవాళ్ళని ఆఫీసులో నీళ్ళు అందించడానికి పెడతారు, నువ్వూ అలాగే అడుగు అన్నారు అందరూ. ఆవిడ గతౌరా దగ్గర పట్టాల గ్యాంగులో చేరి గునపం పట్టింది. పద్నాలుగేళ్ళ తరవాత కీమేన్ డ్యూటీ కావాలని అడిగింది. కీమేన్ అంటే రోజూ ఒంటరిగా తన సెక్షను పొడవునా పట్టాల వెంట నడిచి, ప్రతి బిగింపూ సుత్తితో తట్టి చూసి, వదులైందాన్ని బిగించేవాడు. "ఆడదానివి, నీకెందుకమ్మా?" అన్నాడు గ్యాంగుని నడిపే మేటు. "పట్టాకేటి తెలుసు బావూ, సుత్తి ఎవులు పట్టుకున్నారో?" అంది చిన్నతల్లి. తొమ్మిదేళ్ళు చేసి రిటైరయింది.

ఆ సాయంత్రం లాల్‌ఖదాన్లో ఇంటికి చేరేసరికి దిలీప్ గుమ్మంలోనే ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, లోకోషెడ్డులో టెక్నీషియన్. అతని భార్య శ్వేత వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏం చేశావమ్మా? రాంప్రసాద్ భయ్యా ఫోను చేసి చాలా నారాజ్ అయ్యాడు."

"నన్ను అడక్కుండా ఎలగ ఇచ్చావురా కాగితం?"

"అరే, పురుగు వచ్చేసింది కదా! వచ్చే వర్షాలకి అన్నీ పోతాయి. పోయాక కర్ర కూడా పనికిరాదట. ఇప్పుడే కొట్టేసి నీలగిరి పెట్టేస్తే అయిదేళ్ళలో తయారైపోతుంది. భయ్యా మనవాడే కదా, మనకి చెడు చెప్తాడా?"

రాంప్రసాద్ మనవాడే, తెలుగువాడే. వాళ్ళ నాన్న కూడా రైల్వేనే. ఇప్పుడతనికి సర్కండాలో కర్రల అడితి ఉంది. మనవాడు కాబట్టే చిన్నతల్లికి అతని సంగతి తెలుసు. ఇల్లు కాలుతుంటే చుట్ట వెలిగించుకునే రకం.

"అన్నీ పోతాయని ఎవులు సూశారు?"

"ఎవరు చూడాలి?"

"నాను సూస్తాను."

మర్నాటి నుంచి ఎనిమిది రోజులు ఆవిడ పొద్దున బండికి వెళ్ళి సాయంత్రం బండికి తిరిగొచ్చింది. ఆరు వందల ముప్పై రెండు చెట్లు. ఒక్కటి వదల్లేదు. మొదట్లో పొట్టు ఎంతుందో చేత్తో ఎత్తి చూసింది, మాను చుట్టూ తిరిగి కన్నాలు చూసింది, మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి చిటారుకొమ్మ పచ్చగా ఉందో లేదో చూసింది. తనకి తోడు ఫగనీబాయి. పక్క పల్లెలో ఉండే గోండు ముసలమ్మ, ఎర్రయ్య కాలం నుంచి ఈ అడవిలో ఆకులు ఏరుకునేది. పాతికేళ్ళ కిందట కొండల వైపు ఇదే పురుగు అడవులకి అడవులు తినేసినప్పుడు పురుగులు పట్టే పనికి వెళ్ళింది.

మూడో రోజున ఫగనీబాయి ఒక చెట్టు దగ్గర ఆగింది. దాని కన్నాల్లోంచి గుగ్గిలం కారి, కన్నీటి చారల్లా గట్టిపడి ఉంది. రాంప్రసాద్ మనుషులు దానికి ఎర్రగీత పెట్టారు.

"ఇది రోగం కాదు దీదీ," అంది ముసలమ్మ. "ఇది పోట్లాడుతోంది. పిల్లపురుగు లోపలికి తొలుస్తుంటే చెట్టు దాని మీద గుగ్గిలం పోసి ముంచేస్తుంది. బలమున్న చెట్టు గెలుస్తుంది. పొట్టు పోగుపడి, గుగ్గిలం ఆగిపోయి, తల ఎండిందనుకో, అది ఓడిపోయినట్టు. దాన్నే కొట్టాలి. లోపల పిల్లలుంటాయి కదా, వానకి రెక్కలొచ్చి పక్కచెట్ల మీద పడతాయి."

ఎనిమిది రోజులకి లెక్క తేలింది. ఓడిపోయినవి నలభై ఏడు. పోరాడుతున్నవి ఎనభై పైచిలుకు. మిగతావి నిక్షేపంలా ఉన్నాయి.

ఆ నలభై ఏడింటికే అనుమతి అడుగుతూ చిన్నతల్లి ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టింది. చూడటానికి రేంజరు స్వయంగా వచ్చింది. ముప్పై నిండని అమ్మాయి, మోకాళ్ళ దాకా బురద బూట్లు. కబురెలా అందిందో రాంప్రసాద్ కూడా వచ్చాడు, చేతికి కడియం, చంకలో ఫైలు. అతని వెనక దిలీప్.

"పిన్నీ, నువ్వు పట్టాలు చూసినట్టు చెట్లు చూస్తే ఎలా?" అన్నాడు రాంప్రసాద్ నవ్వుతూ. "ఇది అంటురోగం. గుగ్గిలం కారిందంటే పురుగున్నట్టే. అన్నీ తీసెయ్యాలి. మేడమ్‌కి తెలీదా?"

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు బావూ?"

"గోటితో పోదు పిన్నీ."

చిన్నతల్లి రేంజరు వైపు తిరిగింది. హిందీలో, అదీ గ్యాంగు హిందీలో, సూటిగా అంది: "మేడమ్, ఈయన గీత పెట్టింది, నేను వద్దన్నది, అలాంటి చెట్టు ఏదో ఒకటి మీరే చూపించండి. నాకు ఇష్టమైనది కాదు, ఈయనకి ఇష్టమైనదీ కాదు. చెక్కి చూద్దాం. లోపల పురుగు బతికుంటే మొత్తం కొట్టుకోనిస్తాను. వేలిముద్ర కాదు, ఇప్పుడే సంతకం పెడతాను."

దిలీప్ కంగారుపడి "అమ్మా!" అన్నాడు. అంత పందెం వేస్తుందని అతను అనుకోలేదు.

రేంజరు కాసేపు తిరిగి, గుగ్గిలం చారలున్న ఒక చెట్టు మీద చెయ్యి వేసింది. ఫారెస్టు గార్డు గొడ్డలి, ఉలి తీసుకుని కన్నం వెంట చెక్కాడు. బెరడు పోయింది, తెల్లకర్ర వచ్చింది, వేలెడు లోతున గుగ్గిలం ముద్ద కనపడింది. దాన్ని ఉలితో పెకలించి అరచేతిలో పెట్టుకుని విరిచాడు. లోపల బియ్యపుగింజంత పిల్లపురుగు, నల్లబడి, ఎండి, చచ్చి ఉంది.

రేంజరు ఇంకో రెండు చెట్లు చెక్కించింది. అక్కడా అంతే.

"నలభై ఏడు," అని రాసుకుంది. రాంప్రసాద్ ఫైలు తెరవకుండానే వెనక్కి తిరిగాడు.

కానీ రేంజరు వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. "అమ్మా, ఇవి కొట్టేస్తే అయిపోయిందనుకోకండి. జూన్లో మొదటి వానకి చుట్టుపక్కల నుంచి పురుగులు ఎగురుతూ వస్తాయి. అప్పుడు మూడు నాలుగు మంచి చెట్లు ఎరగా కొట్టాలి. పచ్చికర్ర రసం వాసనకి అన్నీ అక్కడికే చేరతాయి, పట్టి చంపెయ్యాలి."

"బతికున్న చెట్టునా?"

"బతికున్నదే కావాలి. చచ్చినదాంట్లో రసం ఉండదు."

ఇందాకటిదాకా చెట్ల కోసం పందెం వేసిన మనిషికి ఆ మాట మీద కోపం వచ్చింది. ఆ కోపం రెండు రోజులుంది.

సంక్రాంతి దాటాక నలభై ఏడూ నేలకూల్చారు. అందులో అన్నిటికన్నా పెద్దది హద్దు దగ్గరి చెట్టు, ఎర్రయ్య అన్నం మూట విప్పుకుని కూర్చునే చోటు. తల నిలువునా ఎండిపోయింది. దీన్ని ఎలాగోలా తప్పిస్తుందని దిలీప్ అనుకున్నాడు. కూలీలూ అదే అనుకుని దాన్ని వదిలి ముందుకు పోయారు.

"అటెక్కడికి ఎల్తన్నారు?" అంది చిన్నతల్లి. "ముందు ఇది."

చెట్టు పడ్డాక వెళ్ళి మొద్దు మీద చెయ్యి పెట్టింది. లోపలంతా వేలు పట్టే సొరంగాలు. "ఇన్ని బొక్కలు పెట్టుకుని ఇన్నాళ్ళు ఎలగ నిలబడ్డావే తల్లీ," అని దానికి మాత్రమే వినపడేట్టు అంది. ఆ దుంగలన్నీ ఫాల్గుణం వెళ్ళేలోపు డిపోకి పంపించేసింది. ఒక్క చెక్క ముక్క మిగల్చలేదు, కొమ్మారెమ్మా కుప్పవేసి కాల్పించింది.

అసలు యుద్ధం మే నెలలో వచ్చింది. పక్క పన్నెండెకరాల అడవి సర్కండాలో ఉండే ఒక ప్లీడరు గారిది. ఆయన ఆ అడవి చూసి పదేళ్ళయింది. రాంప్రసాద్ ఆయనకి అన్ని చెట్లూ పోతాయని నమ్మించి, కాగితాలు తెచ్చి, పన్నెండెకరాలూ నున్నగా గొరిగేశాడు. గొరిగినందుకు కూడా కాదు చిన్నతల్లికి మండింది. గట్టి దుంగలు మాత్రం లారీలకి ఎక్కిస్తూ, పురుగు తిన్న దుంగలు, ఎవరూ కొననివి, తన హద్దుకి అవతల పది అడుగుల దూరంలో గుట్టలు పోయించాడు. వాటి నిండా పిల్లపురుగులు. ఇంకో నెలకి వాన.

రాంప్రసాద్‌కి ఫోను చేసింది. "తీయిస్తాలే పిన్నీ, చివరి ట్రిప్పుల్లో," అన్నాడు. ఆ చివరి ట్రిప్పు ఎప్పటికీ రాదని ఇద్దరికీ తెలుసు.

అయితే రాంప్రసాద్ ఒక సంగతి మర్చిపోయాడు. అతని లారీలు రోడ్డెక్కాలంటే ఉన్నది ఒకటే బాట. అది చిన్నతల్లి అయిదెకరాల్లోంచి పోతుంది. ఎర్రయ్య తీసిన బాట. ఇన్నాళ్ళూ మనవాడు కదా అని ఆవిడ ఊరుకుంది.

మర్నాడు మొదటి లారీ వచ్చేసరికి బాటకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు వెనక చాప మీద చిన్నతల్లి, ఫగనీబాయి. చిన్నతల్లి చేతిలో డ్యూటీ రోజుల నాటి ఎర్రజెండా. డ్రైవరు హారను కొట్టాడు. ఆవిడ జెండా అడ్డంగా చాపింది, రైలుని ఆపినట్టే.

గంటకి రాంప్రసాద్ మోటారుసైకిలు మీద వచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"ఇదేటి పిన్నీ, దారి ఆపడం?"

"దారి నాది. ఎల్లు, వద్దన్నానా? ముందు ఆ పురుగు దుంగలు ఎల్లాల, తరవాత నీ మంచి దుంగలు ఎల్లాల."

"వాటిని ఎక్కించి ఎక్కడ దింపను? ఎవడు కొంటాడు?"

"ఇటుకబట్టీలో కాలుస్తావో, నీ అడితిలో పెట్టుకుంటావో నీ ఇష్టం. ఇక్కడ ఉండకూడదు."

"దిలీప్‌తో మాట్లాడతాను."

"మాటాడు. వాడికి సెప్పు, మీ అమ్మ ఎండలో కూకుందని."

రాంప్రసాద్ నిజంగానే ఫోను చేశాడు. చిన్నతల్లి వింటుండగానే స్పీకరు పెట్టాడు. దిలీప్ అంతా విన్నాడు. ఆ తరవాత, "భయ్యా, పట్టా అమ్మ పేరు మీద ఉంది," అన్నాడు. అంతే. పెట్టేశాడు.

రెండు రోజులు అలాగే గడిచాయి. నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. తడిగుడ్డ కప్పుకుని, నీళ్ళసీసా పక్కన పెట్టుకుని కూర్చున్నారు. పల్లెలోని ఆడవాళ్ళు నలుగురైదుగురు చూడటానికి వచ్చి చాప మీద కూర్చుండిపోయారు. మూడోనాడు మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది, నాలుగు చినుకులు రాలాయి. ఆ నల్లమట్టి బాట తడిస్తే లారీ చక్రం దిగబడిపోతుందని, తన మంచి దుంగలు కూడా వానలయ్యేదాకా అక్కడే ఉండిపోతాయని రాంప్రసాద్‌కి అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రమే పురుగు దుంగలు కదిలాయి. పదకొండు లారీలు. ప్రతి లారీకీ చిన్నతల్లి తాడు విప్పి, వెళ్ళాక మళ్ళీ కట్టింది. గుట్టలున్న చోట నేల కనపడ్డాకే మంచి దుంగల లారీకి దారి ఇచ్చింది.

"నీలాంటి మొండిమనిషిని చూడలేదు పిన్నీ," అన్నాడు రాంప్రసాద్ చివరి లారీ వెనక పోతూ.

"సూశావు కదా ఇప్పుడు," అంది.

జూన్ మూడో వారంలో వాన దిగింది. ఎరచెట్ల కోసం చిన్నతల్లి ముందే మూడు చెట్లు చూసిపెట్టింది. పెద్దవాటి నీడలో ఇరుక్కుని వంకరగా పెరిగినవి, ఎప్పటికైనా పక్కచెట్టు కోసం తీసెయ్యాల్సినవి. అయినా గొడ్డలి పడేటప్పుడు మొహం తిప్పుకుంది. దుంగలు మూరల చొప్పున కోసి, చివరలు గొడ్డలి మడమతో కొట్టి నలగ్గొట్టారు. తియ్యగా, పులిసినట్టు వాసన లేచింది.

తెల్లారి వెళ్ళేసరికి దుంగలు కదులుతున్నట్టున్నాయి. గోధుమరంగు పురుగులు, వేలెడు పొడవు, దానికి మించిన పొడుగు మీసాలు. రసం తాగి మత్తెక్కి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఫగనీబాయి ఒకదాన్ని తీసి తల తుంచి డబ్బాలో వేసింది. తలలు లెక్కకి, మొండాలు నిప్పుకి.

మొదటిరోజు రెండు వందల పన్నెండు తలలు. వాన తెరిపిచ్చిన రోజున ఆరు వందలు. మూడు రోజులకోసారి దుంగ చివర కొత్తగా కోసి మళ్ళీ నలగ్గొట్టాలి, లేకపోతే వాసన పోతుంది. పల్లె ఆడవాళ్ళు అయిదుగురు కూలికి వచ్చారు. చిన్నతల్లి ఆ అయిదు వారాలూ ఫగనీబాయి ఇంట్లోనే ఉండిపోయింది. మోకాళ్ళు వాచాయి. వేళ్ళ సందుల్లో పురుగు కాళ్ళ ముళ్ళు గుచ్చుకుని పుళ్ళు పడ్డాయి.

ఒక ఆదివారం పొద్దున బండికి దిలీప్, శ్వేత వచ్చారు. శ్వేత డబ్బాలోకి చూసి "ఛీ అత్తయ్యా!" అని మూడడుగులు వెనక్కి వేసింది. దిలీప్ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ వాళ్ళని చెయ్యమనలేదు. అరగంట తరవాత శ్వేత దుపట్టా నడుముకి కట్టి, ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని దుంగ దగ్గర కూర్చుంది. మధ్యాహ్నానికి కవరు తీసి పారేసింది.

"ఎన్ని?" అని అడిగాడు దిలీప్.

"నావి నూట నలభై. మీవి?"

దిలీప్ గొడుగు మడిచాడు.

ఆగస్టు నాటికి తలల లెక్క ఆరు వేల మూడు వందలు దాటింది. అప్పటికి పురుగులు రావడం తగ్గిపోయింది. ఒకరోజున దుంగల మీద రెండే దొరికాయి, తరవాత ఏమీ లేవు.

మళ్ళీ కార్తీకంలో చిన్నతల్లి అడవంతా నడిచింది. ఈసారి నాలుగు రోజులకే అయిపోయింది, దిలీప్ సగం చెట్లు చూశాడు. పోరాడిన ఎనభై మూడింటిలో డెబ్భై రెండు నిలిచాయి. కొత్తగా ఓడిపోయినవి పదకొండు. పదకొండు తక్కువేమీ కాదు, ఒక్కొక్కటీ అరవై ఏళ్ళ చెట్టు. కొట్టేసిన చోట పడ్డ ఎండకి గుప్పెడు గుప్పెడుగా సాలమొక్కలు లేచాయి, మొదటి వానకి రాలిన గింజలవి. మేకలు రాకుండా దిలీప్ ముళ్ళకంప వేశాడు. హద్దు అవతల ప్లీడరు గారి పన్నెండెకరాల్లో లంటానా తుప్ప తప్ప ఏమీ లేవలేదు. నీలగిరి నాటతానన్న రాంప్రసాద్ మళ్ళీ అటు తొంగిచూడలేదు.

పదకొండు చెట్లకి అర్జీ పట్టుకుని చిన్నతల్లి ఫారెస్టు ఆఫీసుకి వెళ్ళింది. గుమస్తా పేరు చూసి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"మళ్ళీ వచ్చారా? మొత్తం ఒకేసారి రాసిచ్చేస్తే ఈ తిరుగుడు ఉండదు కదమ్మా. మీ వయసుకి ఎందుకిదంతా?"

"పదకొండే రాయండి బాబూ," అంది. "అంకెలోనూ, అక్షరాల్లోనూ. మధ్యలో ఖాళీ వదలొద్దు."

అతను రాసేదాకా కిటికీ దగ్గరే నిలబడింది. రాశాక కాగితం తన వైపు తిప్పించి, ఒకసారి చదివించుకుని, ఆ తరవాతే సంతకం పెట్టింది.